గంటగోపురం మీద ఫిర్యాదు

"ఆకాశరామన్న ఉత్తరమమ్మా. పేరూ లేదు, సంతకమూ లేదు," అంటూ తిబోర్ బూట్లు గుమ్మంలోనే విడిచి, వచ్చి బల్ల ముందు కూలబడ్డాడు.

ఇంకా పన్నెండైనా కాలేదు. పనివేళ కొడుకు ఇంట్లో కనబడేసరికి హెర్మీనా ముందు వాడి కాళ్లూ చేతులూ చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి.

"ఏమని రాశారు?"

"నాలుగొందల ఏళ్లనాటి దూలాన్ని కోసి పారేస్తున్నామట. పురాతన కట్టడాల ఆఫీసువాళ్లు గంటగోపురం పని ఆపించేశారు. విచారణ అయ్యేదాకా పరంజా ఎక్కకూడదు. కప్పు సగం విప్పి ఉంది. మంచు పడేలోగా చెక్కపెంకులు పరచకపోతే లోపలి గోడల మీది బొమ్మలన్నీ నాశనం."

హెర్మీనా వెల్లుల్లి సూప్ వాడి ముందుకు జరిపింది. "ముందు తిను. ఎవరి మీదైనా అనుమానమా?"

"ఆ దూలం మీద పాతకాలం వడ్రంగి చెక్కిన చేప గుర్తు ఒకటి ఉంది. ఉత్తరంలో దాని సంగతి కూడా రాశారు. అది ఎక్కడో మూలన ఉంది, నాకూ వాలెంట్ బాబాయికీ తప్ప ఎవరికీ తెలీదు. నేనైతే ఆ మాట ఈ గడప దాటనివ్వలేదు."

వాలెంట్ వాడి జ్ఞానతండ్రి, బాప్తిస్మంనాడు తండ్రి పక్కన పూచీగా నిలబడినవాడు. పెంకులు చెక్కడం నేర్పింది ఆయనే. మోకాళ్లు పట్టేశాయని మేస్త్రీ మొన్న వసంతంలో ఆయన్ని మాన్పించేశాడు.

"ఛ, ఆయన అలాంటివాడు కాదు," అంది హెర్మీనా. సూప్ గిన్నె మీద మూత పెడుతూ, "అయినా మనిషి కడుపులో ఏముందో ఎవరికి తెలుసులే," అంది.

అంతలో తలుపు తోసుకుని వాలెంటే వచ్చాడు. టోపీ తియ్యలేదు.

"ఇప్పుడే సారాకొట్లో నేను కూర్చోగానే పక్కవాళ్లు లేచిపోయారు. నువ్వూ నన్నే అంటున్నావట్రా?"

"చేప సంగతి మనిద్దరికే తెలుసు బాబాయ్."

"నీకు చూపించిందే నేను. అంత ఎత్తున గాలి కొడితే ఎలా నిలబడాలో నేర్పిందీ నేనే. పగబట్టేవాణ్నయితే అవన్నీ ఎందుకు నేర్పుతానురా?"

తిబోర్ తలెత్తలేదు. ముసలాయన ఇటు తిరిగాడు. "హెర్మీనా, నువ్వైనా చెప్పు."

ఆవిడ గసగసాల రొట్టె రెండు ముక్కలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ పొట్లం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

"చూశావా, రొట్టె కూడా ముట్టలేదు. మొహం చెల్లలేదు," అన్నాడు తిబోర్. లేచి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?"

"కొండ అవతలి ఊరికి. అక్కడ చర్చి శిఖరం బాగుచేస్తున్నారు, రెండు గంటల బస్సుకే రమ్మన్నారు. మనదానికి రెట్టింపు ఎత్తు. పరంజా సగం దాకానే, ఆపైన తాళ్లే."

"రెట్టింపా?" అంది హెర్మీనా. "ఇంతకీ ఏ చర్చి? దాని దూలాలు కూడా పాతవేనా?"

వాడు అన్నీ చెప్పి, ముద్దు పెట్టి వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత బల్ల శుభ్రంగా తుడిచి కూర్చుంది.

రెండో ఉత్తరం రాయడం ఆవిడకి మొదటిదానికంటే సులువైంది.