శుక్రవారం లోపల

"సంతకం మీరే పెట్టాలి సార్. ఇంకెవరు పెట్టినా జనం వీధికెక్కుతారు. మీరు పెడితే మాత్రం ఒక్కడూ నోరెత్తడు."

అలా అని మామ ఫైలును ప్రధాని ముందుకు జరిపాడు. జరిపాడే గాని, ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు.

మామ అంటే చుట్టరికం కాదు. రాజకీయాల్లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఈ సంకీర్ణ ప్రభుత్వంలో మామ పార్టీకి ముప్పై ఒక్క మంది సభ్యులు. ప్రధాని సొంత పార్టీకి పంతొమ్మిది మందే. ఏడు పార్టీలకీ ఒకరంటే ఒకరికి గిట్టక, ఎవరికీ అడ్డురాని మనిషని ఈయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాయి. గుమస్తాని బదిలీ చెయ్యాలన్నా ఆ పార్టీల సమన్వయ సంఘం తలూపాలి. గదిలో ఫ్యాను స్విచ్చొక్కటే ఆయన చేతిలో ఉందని ఓ పత్రిక కార్టూన్ వేస్తే, "అదీ లేదయ్యా, రెగ్యులేటరు పాడైంది" అన్నాడాయన.

మామ మద్దతును ప్రధాని తీసుకుంటాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. తీసుకున్నాడు. ఒకే ఒక్క బిల్లు కోసం తీసుకున్నాడని తలుపు దగ్గర నిలబడ్డ కార్యదర్శికి తెలుసు.

ఫైలులో ఉన్నది మామ కొడుకు కేసు. మూడేళ్ళ క్రితం ఓ మధ్యాహ్నం, ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తున్న పద్నాలుగేళ్ళ పిల్లని అతని కారు గుద్దేసి, ఆగకుండా వెళ్ళిపోయింది. కూరగాయలమ్మే మనిషి ఒకడు పిల్లని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. పోలీసు కాగితం లేనిదే చేర్చుకోం అన్నారు. రెండో ఆసుపత్రిలోనూ అదే మాట. మూడో ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళేసరికి చేర్చుకోవలసిన అవసరమే లేకపోయింది.

ఆ పిల్ల ఫోటో ఉన్న పేజీని కార్యదర్శి ముందే తీసి ఫైలు అడుగున పెట్టేశాడు.

"శుక్రవారం మీ బిల్లు ఓటింగుకి వస్తుంది. కేసు ఎత్తేస్తే మావాళ్ళ ముప్పై ఒక్క చేతులూ లేస్తాయి. లేదంటే గురువారమే మద్దతు వెనక్కి తీసుకుంటాం," అన్నాడు మామ. లేచి నిలబడ్డాక అతని గొంతు కాస్త తగ్గింది. "నేనూ తండ్రినే సార్."

మామ వెళ్ళిపోయాడు.

ఆ బిల్లు నాలుగు పేజీలే. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని ఏ ఆసుపత్రైనా ముందు లోపలికి తీసుకోవాలి, కాగితాల సంగతి తర్వాత. అంతే. దానికోసం ఆయన ఏడాదిగా ఏడు పార్టీల గడపలూ ఎక్కి దిగాడు.

సందర్శకుల గదిలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. పొద్దున్నే వచ్చి, అర్జీలు పట్టుకున్నవాళ్ళతోపాటు నలభై రెండో నంబరు చీటీ తీసుకుంది. కార్యదర్శి కంగారుగా వెళ్ళాడు.

"మీరిక్కడ కూర్చోవడమేంటమ్మా! లోపలికి రండి."

"నా వంతు రానీ నాయనా. వీళ్ళందరూ ఏదో ఒకటి పోగొట్టుకునే వచ్చారు."

వంతు వచ్చాకే లోపలికి వెళ్ళింది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"విన్నది నిజమేనా?"

"నిజమే," అన్నాడు ప్రధాని.

"ప్రతి వాయిదాకీ వెళ్ళాను. ఒక్కటి కూడా తప్పలేదు. వచ్చే నెల తీర్పు. ఒక్క నెల ఆగలేరా?"

"ఆగితే ప్రభుత్వం ఉండదు. ప్రభుత్వం లేకపోతే బిల్లు ఉండదు. పోయిన నెలలో కూడా అలా గేట్ల దగ్గర నలభై మంది..."

"ఆ నలభై మంది సంగతి నాకెందుకు చెప్తున్నారు? నాకున్నది ఒక్కతే."

ఆయన నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. నీళ్ళు బల్ల మీద ఒలికాయి. ఆమె కొంగుతో తుడిచింది.

"ఈ చట్టం అప్పుడే ఉండుంటే..." అని ఆగిపోయాడాయన.

"బతికేది. నాకు తెలీదా?"

బయట ఎవరో నలభై మూడో నంబరును పిలుస్తున్నారు.

"కుర్చీ కోసం చేశారని ఊరంతా అంటారు," అందామె.

"అననీ."

"కాదని నాకు తెలుసు. అదే వచ్చింది చిక్కు. తెలీకపోతే నోరారా తిట్టేదాన్ని. తిట్టి, ఇంత ఏడ్చి ఊరుకునేదాన్ని."

ఆమె తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది. "నన్ను మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టమని అడగొద్దు."

ఆమె వెళ్ళాక ప్రధాని ఫైలు తెరిచాడు. కేసు ఎత్తివేస్తున్నట్టున్న ఉత్తర్వు కింద సంతకం చేశాడు. తారీఖు వేశాడు. కలానికి మూత పెట్టి, ఫైలు కార్యదర్శికి అందించాడు.

కార్యదర్శి అందుకోలేదు. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనిషి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకోటి ఉంది సార్." చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. "మాకేమీ అభ్యంతరం లేదని ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఒక్కరు పెట్టినా చాలట."

ప్రధాని ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

తర్వాత కలం మూత మళ్ళీ తీసి, 'మరణించిన బాలిక తండ్రి' అని అచ్చువేసి ఉన్న చోట తన పేరే రాశాడు.