తుంటి కీల్లో గింజలు

డాక్టరు చిన్న సీసా ఎత్తి చూపించాడు. అడుగున సగ్గుబియ్యం గింజల్లాంటివి గుత్తులుగా ఉన్నాయి.

"ఇవన్నీ నీ తుంటి కీల్లోంచి తీసినవేనమ్మా. కీలు లోపలి పొర వీటిని పుట్టించింది. పరీక్షకి పంపాం, ఫలితం వచ్చింది. కేన్సరు కాదు."

శ్రీకాకుళం ఆస్పత్రిలో మంచం మీదున్న నీలవేణి ఆ సీసా చేతిలోకి తీసుకుని చూసింది.

రెండేళ్ల కిందట వరినాట్లలో వంగిన మనిషి మళ్లీ లేవలేకపోయింది. చీపురుపల్లిలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఆమె భర్త గంగులుని పక్కకు పిలిచాడు. ఎముకకి కేన్సరు పట్టిందన్నాడు. మహా అయితే ఏడాది అన్నాడు. ముక్క తీసి పరీక్షించిందీ లేదు, ఇంకొకరికి చూపించమన్నదీ లేదు.

ఆ మాట గంగులు చెప్పినప్పుడు నీలవేణి ఏడవలేదు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి అప్పటికి నాలుగేళ్లు. పుట్టింటి నుంచి చెల్లెలు గౌరిని రప్పించింది. వంట, పాడి, పిల్లల జడలు ఒక్కొక్కటే ఆమెకి అప్పగించింది.

ఏడాది గడిచింది. చావు రాలేదు. నొప్పీ పోలేదు. ఊళ్లో ఆశా కార్యకర్త తవిటమ్మ పోరగా పోరగా నీలవేణి ఇప్పుడీ ఆస్పత్రికొచ్చింది. స్కానింగ్ తీశారు. కీలు తెరిచి శుభ్రం చేశారు.

"మూడు నెలల్లో మామూలుగా నడుస్తావు," అన్నాడు డాక్టరు.

"ఎన్నాళ్లు బతుకుతాను బాబూ?"

"నిండు నూరేళ్లు!"

"నూరేళ్లే!" అంది నీలవేణి. ఆ గొంతులో సంతోషం లేదు.

డాక్టరు వెళ్లగానే మంచం పక్కనున్న గౌరి భోరుమంది.

"ఎందుకే ఏడుస్తావు? నాను బతికినాననా?"

"అంత మాటనకప్పా! నానేటి సేసినాను? నువ్వు రమ్మంటేనే గదా వచ్చినాను."

"అవునే. నానే రమ్మన్నాను. నిన్నేటీ అన్లేదు."

నర్సు నవ్వింది. "అక్క గండం గడిచిందని సంబరం పట్టలేకపోతోంది పాపం!"

గుమ్మం దగ్గర నిలబడ్డ గంగులు ఎవరి వైపూ చూడలేదు. "ఆటో సూసొస్తాను," అని బయటికెళ్లిపోయాడు.

తాను పోయాక పిల్లలు ఎవరో సవతితల్లి చేతిలో పడకూడదని, నిరుడు మాఘంలో గౌరి మెడలో గంగులు చేత దగ్గరుండి తాళి కట్టించింది నీలవేణే.