ఏడుపు రిహార్సల్

“నాన్నా, లోపల నవ్వావంటే కొంప మునిగినట్టే!” సర్కారు ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్న కూతురు తండ్రి మోచెయ్యి గిల్లింది.

“నవ్వడం లేదే తల్లీ. మీ అమ్మ గరిట గుర్తొస్తోంది, అంతే.”

“గరిట వద్దు. మిల్లు గేటుకి వేసిన తాళం గుర్తు తెచ్చుకో.”

“తెచ్చుకున్నా. ఆ గేటు ముందు కూడా మీ అమ్మే నిలబడుంది, గరిటతో.”

మిల్లు మూతపడ్డాక, అందులో మేస్త్రీగా చేసిన తండ్రి గోడవైపు తిరిగి పడుకుని మంచం దిగడం మానేశాడు. మనోవ్యాధి అని డాక్టరు రాసిచ్చాడు, సర్కారు భృతి ఇచ్చింది. మందులూ ఇంటద్దే అందులోంచే. ఇప్పుడు ఖజానాకి పొదుపు పిచ్చి పట్టుకుంది. నవ్వగలిగిన మనిషి పనీ చేయగలడు కాబట్టి భృతి అక్కర్లేదని కొత్త రూలు పెట్టారు. ఆ పని ఎక్కడుందో మాత్రం రూల్లో రాయలేదు.

అందుకే కొద్దిరోజులుగా ఇంట్లో ఏడుపు రిహార్సల్ నడుస్తోంది. భృతి మంజూరు చేసే ఆఫీసరు వేషం తల్లిది. పోయినసారి తోడు వచ్చినప్పుడు ఆయన్ని చూసింది కదా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పెన్నుకి బదులు గరిటతో పైకి తోసుకుంటూ “ఊఁ, తర్వాత?” అనేది. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. రాత్రికి మళ్ళీ గోడవైపే తిరిగేవాడనుకోండి. అయినా ఆ కాస్త నవ్వు చూసి తల్లీకూతుళ్ళకి ఎంత సంతోషమో అంత భయం.

“రండి!” లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ఆఫీసరు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

“నిద్ర పడుతోందా?”

“తెల్లవారేదాకా కళ్ళు మూతపడవు సార్.”

“ఆకలి?”

“ముద్ద దిగదు సార్.”

భేష్, అనుకుంది కూతురు మనసులో.

“రేపటి మీద ఏమైనా ఆశ ఉందా?”

“ఏముంటుంది సార్...”

ఆఫీసరు ముక్కు చివరికి జారిన కళ్ళజోడుని పెన్నుతో పైకి తోసుకున్నాడు. “ఊఁ, తర్వాత?”

మేస్త్రీ పెదాలు బిగబట్టాడు. నేల చూశాడు, ఫ్యాను చూశాడు. లాభం లేకపోయింది. ఫక్కున నవ్వేశాడు. అలా ఇలా కాదు, కుర్చీ కిర్రుమనేలా.

కూతురి మొహం పాలిపోయింది. “అది నవ్వు కాదు సార్, దగ్గు!”

“దగ్గా?”

“కాదు సార్...” ఆమెకి కన్నీళ్ళొచ్చేశాయి. “మా అమ్మ ఇంట్లో అచ్చం మీలాగే చేస్తుంది. అది గుర్తొచ్చింది. మా నాన్నకి నిజంగానే బాగోదు సార్. భృతి ఆగితే మందులు ఆగుతాయి, మళ్ళీ మంచం పడతాడు.”

“నాలాగా చేస్తుందా? ఏదీ, చేసి చూపించు.”

తప్పుతుందా? ముక్కు మీద లేని కళ్ళజోడుని ఆమె వేలితో పైకి తోసి, “ఊఁ, తర్వాత?” అంది.

ఆఫీసరు లేచాడు. వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. తండ్రీకూతుళ్ళకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన తిరిగొచ్చి కాగితం మీద ధన్‌మని ముద్ర గుద్ది, వాళ్ళ వైపు తిప్పాడు. మంజూరు.

“నేను నవ్వాను కదా సార్?” మేస్త్రీకి నోరు ఆగలేదు.

“నవ్వారు. నేను చూడలేదు.” ఆఫీసరు తన కుర్చీ వదిలేసి వచ్చి వాళ్ళ పక్క కుర్చీలో కూలబడ్డాడు. “ఈ పొదుపులో నా ఉద్యోగమూ పోయింది. నెలాఖరు దాకానే ఇక్కడ. ఇంట్లో ఇంకా చెప్పలేదు.”

“అయ్యో! అయితే మీరూ భృతికి రావాలిగా,” కూతురు కళ్ళు తుడుచుకుంది. “ఏడవడం నేర్పాలంటే మా అమ్మ...”

“ఏడవడం నాకు బాగానే వచ్చమ్మా,” ఆఫీసరు గొంతు తగ్గించాడు. “మీ ఇంట్లో ఆ రిహార్సల్ ఎన్నింటికి?”