నడిజాము కావలి

దయానంద్‌ను పలమనేరు దగ్గర అతని సొంతూళ్లో పూడ్చిన రాత్రి, తుపాకులతో గౌరవ వందనం చేసిన ముగ్గురు కుర్ర సిపాయిలూ అన్నం ముట్టలేదు. మంచుకొండల్లో అతనితో ఒకే గుడారంలో ఉన్నవాళ్లు. వాళ్లను బడిగదిలో పడుకోబెడుతూ హవల్దార్ గిరిప్రసాద్ అన్నాడు:

“ఇట్ల కుంగిపోతే వాడు మెచ్చుకుంటాడా అబ్బా? ఈ రాత్రికి నిద్రపోండి. తుపాకులకు కావలి నేనుంటా.”

“నడిజాము కావలి వాడిది గదా సార్.” ముగ్గురిలో ఒకడైన మునికుమార్ లేచి కూర్చున్నాడు.

“అదీ నేనే సూసుకుంటా. పండుకోప్పా.”

ఊరివాళ్లు తనకని ఇచ్చిన నాలుగో మంచం ఖాళీగా వదిలేసి, గిరిప్రసాద్ తలుపు గడియ పెట్టి, దానికి ఆనుకుని కుర్చీ వేసుకున్నాడు. బయట కప్పల రొద.

కావలి దిగేవాడు తర్వాతివాణ్ణి పేరుపెట్టి పిలవడు. పక్కవాళ్ల నిద్ర చెడకుండా బూటు కొస నొక్కి లేపుతాడు. దయానంద్ ఒక్కడే రెండుసార్లు నొక్కేవాడు.

ఎప్పుడు కునుకు పట్టిందో, కప్పలు ఎప్పుడు ఆగిపోయాయో గిరిప్రసాద్‌కు తెలియదు. ఎవరో అతని బూటు నొక్కారు. కాసేపాగి మళ్లీ నొక్కారు.

కళ్లు తెరవకుండానే, ఏళ్ల అలవాటు కొద్దీ అనేశాడు: “లేసినాలేప్పా. పోయి నా మంచంలో పండుకో.”

అన్నాక కళ్లు తెరిచాడు. వేసిన గడియ వేసినట్టే ఉంది. ముగ్గురూ నిద్రలోనే ఉన్నారు.

చీకట్లో నాలుగో మంచం మెల్లగా కిర్రుమంది.

పక్క మంచంలో మునికుమార్ నిద్రలోనే అటు చెయ్యి చాపాడు.

“ఇంత సల్లగుండావేందిరా?”