కబడ్డీ డిస్కు

"ఏం గావాలె కాకా?" భానుప్రకాశ్ గొంతు చించుకుని అరిచాడు.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర అతనిది వీడియో గేముల దుకాణం. ఎదురుగా నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. మెడకు తువ్వాల. ఎన్నిసార్లు అడిగినా పలకడు. చెవుడేమో అనుకున్నాడు భాను.

ఆ మనిషి నవ్వాడు. ఫోన్‌లో టైపు చేసి చూపించాడు.

"నాకు మంచిగనే వినిపిస్తది. కబడ్డీ ఆట డిస్కు ఉన్నదా?"

"డిస్కులా? గవి ఎప్పుడో బందైనయి. ఫోన్‌ల కొనుక్కో, గదే ఆట దిగుతది."

అతను తల అడ్డంగా ఊపి మళ్లీ టైపు చేశాడు.

"ఫోన్‌ల ఉన్నదాన్ని కంపెనీవోళ్లు మారుస్తరట."

"పైసలు పెట్టి కొన్నదాన్ని ఎట్ల మారుస్తరు? వాళ్ల అయ్య సొమ్మా?" భాను నవ్వేశాడు.

నిజానికి డిస్కులన్నీ అటక మీద అట్టడబ్బాలో ఉన్నాయి. నిచ్చెన వేసి దించాలి. భానుకు బద్ధకమేసింది.

"రేపు రా, చూద్దాం."

ఆ సాయంత్రమే రాయపోల్ నుంచి తండ్రి వీరయ్య వచ్చాడు.

"మక్కచేన్ల చిలుకలు ఊకుంటలేవురా. నీ తాన మెరిసే బిళ్లలుండె గద, ఇయ్యి. చేన్ల కట్టుకుంట, మెరుపుకు బెదిరి పోతయి."

బాపు అడగ్గానే నిచ్చెన దొరికింది. డబ్బా డబ్బాగానే బస్సెక్కింది.

మర్నాడు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. డిస్కులు చేనుకు పోయాయని విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చేతులు జోడించి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పాత డిస్కు మీద అంత మోజేంటో భానుకు అంతుబట్టలేదు. రెండు రోజుల్లో మర్చిపోయాడు.

దసరా దాటాక ఓ మధ్యాహ్నం, రోజూ వచ్చి ఆడుకునే డిగ్రీ కుర్రాడు ప్రవీణ్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నా, ఫోన్‌ల మన కబడ్డీ ఖరాబయింది. 'తొడ గొట్టు బిడ్డా' అని ఒకాయన కేకేస్తుండె సూడు, గా గొంతు తీసేసిన్రు. ఇప్పుడు ఎవడో వార్తలు చదివినట్టు చదువుతుండు."

"పాతదే మళ్ల దించుకో."

"ఏడుందన్నా? కంపెనీకి మెసేజ్ పెడితే ఏమన్నరో ఎరికేనా? నేను కొన్నది ఆట కాదంట. ఆడుకునే పర్మిషనంట."

భానుకు తువ్వాల మనిషి టైపు చేసిన మాట గుర్తొచ్చింది; ఈసారి నవ్వలేకపోయాడు. షట్టరు దించి బండి మీద రాయపోల్ పోయాడు. చేను చివర కట్టె మీద వేలాడుతూ దొరికింది కబడ్డీ డిస్కు. ఎండకూ వానకూ పెచ్చులు లేచింది. తెచ్చి మిషన్లో పెడితే గరగరమని ఆగిపోయింది.

వారం తిరక్కుండానే ఒకామె దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. పేరు విజయమ్మ అంది.

"మెడకు తువ్వాల ఏసుకొని మా ఆయన ఈడికి వచ్చిండట గద బిడ్డా. ఆయన పోయి నెలాయె. గా డిస్కు ఏమన్న దొరికిందా?"

భాను తల వంచుకుని పాడైన డిస్కును ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పయింది అమ్మా. ఆయనకు గా ఆటంటే అంత పానమని నాకు తెల్వదు."

విజయమ్మ దాని మీది మట్టిని కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఆయనకు ఆడుడే రాదు బిడ్డా. గొంతు ఆపరేషన్ గాకముందు గా ఆటల కేకలేసింది ఆయనే. గా గొంతు మళ్ల ఒక్కసారి నాకు ఇనిపియ్యాలని తిరిగిండు."