గంజాయి నూనె

సూరన్న కొట్టిన మొదటి దెబ్బకు మందుల బీరువా అద్దం బద్దలైంది. రెండో దెబ్బకు డాక్టర్ భీమశంకరరావు ఎడమ ముంజేయి విరిగింది.

సీతమ్మధారలోని ఆ చిన్న ఆసుపత్రికి సూరన్న ఇనుప రాడ్డుతో వచ్చాడు. పోర్టులో కలాసీ. మత్తు సూదులకు బానిసైన బావమరిది సాయిశంకర్‌ని సూరన్న భార్యే అక్కడ చేర్పించింది. రోజూ వాడి నాలుక కింద గంజాయి మొక్క నూనె వేస్తున్నారని ఆ పొద్దునే సూరన్నకు తెలిసింది.

“మాన్పించమంటే మావోడికి గంజాయి అలవాటు సేత్తన్నావా?”

మత్తెక్కించే భాగం అందులో లేదనీ, సూది మీదికి మనసు లాగకుండా ఆపుతుందేమోనని పరీక్షిస్తున్నామనీ డాక్టరు నేల మీద నుంచే చెప్పబోయాడు. సూరన్న డొక్కలో తన్నాడు.

సాయిశంకర్ వెనక నుంచి వాటేసి లాగాడు. “ఒగ్గీయ్ బావా. నానే ఒప్పుకున్నాను.”

సూరన్న మోచేత్తో పొడిచాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురైనా సాయిశంకర్ పట్టు వదల్లేదు. ఇద్దరూ గాజు పెంకుల మీద దొర్లారు. చివరికి రాడ్డు సాయిశంకర్ చేతికి చిక్కింది. కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేశాడు.

డాక్టరు నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. నర్సు హిమబిందు నొప్పి తెలియనివ్వని మత్తుమందు మార్ఫిన్ తెచ్చింది కానీ, పెంకు దిగిన ఆమె అరచేయి నెత్తురోడుతోంది. సూది పట్టలేకపోయింది.

“నువ్వు ఎక్కించు సాయీ,” అన్నాడు డాక్టరు పళ్ళ బిగువున. “నరం పట్టడం నీకు తెలుసుగా.”

గోడకు చేరగిలబడి రొప్పుతున్న సూరన్న నవ్వాడు. “ఆడి సేతికా? సగం ఆడే ఎక్కించేసుకుంటాడు.”

సాయిశంకర్ గాజు సీసా మెడ విరిచి మందు లాగాడు. సూది మొన మీద నిలిచిన చుక్కను చూస్తూ గుటక మింగాడు. తర్వాత డాక్టరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బాగున్న చేతి నరం వెతికి, నెమ్మదిగా మందంతా ఎక్కించాడు. ఖాళీ సిరంజి ట్రేలో పెట్టి, నోరు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

సూరన్న ఆ ట్రే వైపే చూస్తూ ఉండిపోయాడు. బయట పోలీసు జీపు ఆగింది. అతను పారిపోలేదు. పాక్కుంటూ డాక్టరు దగ్గరికి వచ్చాడు.

“ఆ నూని నాకూ ఎయ్యండి బాబూ,” అంటూ చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా సూది పోట్లే.