ఇసుక మీద గీత

“ఆ గోనె అక్కడ పడేసి గేటు బయటికి నడువు,” అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు మాణిక్యం.

పోలరాజు కదల్లేదు. కదిలితే తొమ్మిదేళ్ల ఉద్యోగం పోయినట్టే.

“నేను బంతిని తాకలేదండీ.”

“గుంటకి జానెడు దూరంలో ఉన్న డాక్టరు గారి బంతి బారెడు దూరం ఎట్టా పోయింది? నడిచి పోయిందా?”

ఎవరూ నవ్వలేదు. అది 1974 గోల్ఫ్ కప్పు పోటీలో ఆఖరి గుంట. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే కప్పు. గవర్నర్‌పేట బట్టల షాపు అంకమ్మరావు, డాక్టర్ మల్లేశ్వరరావు కన్నా ఒకే ఒక్క దెబ్బ ముందున్నాడు. ఇద్దరికీ ఇక చెరో చిన్న దెబ్బ మిగిలింది.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ క్లబ్బులో గుంటల చుట్టూ పచ్చిక పెరగదు. నూనె కలిపిన ఇసుక పరుస్తారు. దాని మీద బంతి దొర్లితే గీత పడుతుంది. బంతుల్ని తప్పించుకుంటూ తడిగోనె ఈడ్చి ఆ గీతలు చెరపడమే పోలరాజు పని.

ఆటలో ఉన్న బంతిని పనివాడు కదిలిస్తే ఆ రోజుతో సరి. అది క్లబ్బు కట్టుబాటు.

ఇవాళ డాక్టరు కొట్టి సోడా తాగడానికి వెళ్లాడు. మిగతా ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు కొట్టేసి అటే వెళ్లారు. గోనె తడుపుకొచ్చిన పోలరాజు అలవాటు ప్రకారం ఇసుకంతా నున్నగా ఈడ్చాడు. తన తరఫున సాక్ష్యం చెప్పాల్సిన గీతను తన చేత్తోనే చెరిపేసుకున్నాడు.

“అతన్ని ఏమీ అనకండి బాబూ.”

కంచె దగ్గర ముసలాయన లేచి నిలబడ్డాడు. నీరుకావి పంచె, చంకలో మూట. పొద్దున్నే మైలవరం బస్సు దిగి వచ్చి, ఆట చూడొచ్చా అని అడిగాడు. “ఎవరో బట్టల మూటవాడులే, ఆ కంచె దగ్గర కూర్చోబెట్టు,” అని అంకమ్మరావు అంటే, పోలరాజే కూర్చోబెట్టి చెంబెడు నీళ్లిచ్చాడు.

“గోనె రాకముందే ఆ బంతి కదిలిందండీ. ఇంకో బంతి వచ్చి తగిలింది. నేను చూశాను.”

డాక్టరు తలెత్తాడు. “అయితే లెక్క మారిపోతుంది మాణిక్యం గారూ. నా బంతిని మొదటి చోటే పెట్టాలి. తగిలించినవాడికి రెండు దెబ్బలు జరిమానా.”

రెండు. అంకమ్మరావు ముందున్నది ఒక్కటే.

“ఎవరి బంతి తగిలింది?” మాణిక్యం అడిగాడు.

ముసలాయన ముగ్గురి వంకా చూశాడు. “చెప్పనండీ.”

“చెప్పవా? తెలీదా?”

“తెలుసు. కొట్టినవాళ్లు చెప్పుకోవాల్సిన మాట అది.”

“గోల్ఫ్ రూల్సు కూడా మూట కట్టుకొచ్చావా తాతా?” ఆటగాళ్లలో ఒకాయన వెటకారమాడాడు.

“మాకు తెలిసిన రూలు ఒకటే బాబూ. మగ్గం మీద పోగు తెంపినవాడే ముడి వెయ్యాలి.”

మాణిక్యానికి ఓపిక నశించింది. “ఇద్దరూ బయటికి నడవండి.”

పోలరాజు గోనె మడిచి ఇసుక పక్కన పెట్టాడు. ఇంటికెళ్లి పెళ్లాం కొండలమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“పద నాయనా.”

గేటు ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ ముసలాయన చాలా నెమ్మదిగా నడిచాడు, వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమో అన్నట్టు. ఎవరూ పిలవలేదు. పోలరాజు గడియ తీశాడు.

అప్పుడు వినబడింది పరుగు.

అంకమ్మరావు బూట్లతో ఇసుకంతా తొక్కుకుంటూ వస్తున్నాడు. ఆ అడుగులన్నీ మళ్లీ చదును చెయ్యాలి కదా అనుకున్నాడు పోలరాజు, ఉద్యోగం పోయిన సంగతి మరిచి.

అంకమ్మరావు ముసలాయన చంకలోని మూట అందుకుని తన భుజాన వేసుకున్నాడు. కప్పు పెట్టిన బల్ల దగ్గరున్న వాళ్లందరికీ వినబడేట్టు చెప్పాడు.

“పోలరాజు తప్పేం లేదు. డాక్టరు గారి బంతికి తగిలించింది నేను. పొద్దున మూటవాడని నేను కంచె దగ్గర కూర్చోబెట్టించిన ఈయన మా నాన్న.”